ఇరవయ్యెనిమిది నిమిషాల గది

మూడువందల ఏడో నంబరు గది తలుపు తీసేసరికి డిజైనరమ్మ కిటికీ పక్కన నేలమీద వెల్లకిలా పడుకుని ఉంది. చెప్పులు ఒక మూల, కళ్ళజోడు గుండెల మీద. చేతులు రెండూ పక్కలకి చాపి ఉన్నాయి. గది తుడవడానికి వచ్చిన పెద్దక్క చేతిలోని చీపురు జారిపోయింది. పడిపోయిందా, కళ్ళు తిరిగాయా, కింద డెస్కుకి ఫోన్ చెయ్యాలా, ముందు మొహాన నీళ్ళు చల్లాలా అని ఒక్క క్షణంలో పది ఆలోచనలు పరిగెత్తాయి. పెద్దక్క తత్వమే అంత. బజారుకి వెళ్ళిన చెల్లెలు పావుగంట ఆలస్యమైతే ఇక రాదేమోనని వీధిలోకి వచ్చి నిలబడే మనిషి.

"నాకేం కాలేదు పెద్దక్కా," అంది డిజైనరమ్మ కదలకుండానే. "ఏడింటి బండికి వెళ్ళేవాళ్ళు ఆరున్నరకి ఇక్కడ కూర్చుంటే వెలుగు ఎంతదాకా వస్తుందో చూస్తున్నాను. మీరూ రండి."

పెద్దక్క పడుకోలేదు గానీ, కొంగు నడుముకి దోపుకుని పక్కనే చతికిలపడింది. అప్పుడు కనిపించింది ఆవిడకి. కిటికీకీ మంచానికీ మధ్య నిలబెట్టిన చెక్కబద్దల తెర సందుల్లోంచి పొద్దుటి ఎండ చొరబడి, మంచం మీద అడ్డంగా బంగారు గీతలు గీస్తోంది. ఒకదాని వెనక ఒకటి, ఎదురు స్టేషన్లో పట్టాల కింద పరిచిన దుంగల్లాగే. చూస్తూ ఉంటే ఎక్కడికో దూరం తీసుకుపోయేలా ఉన్నాయి.

ఆ హోటలు రైల్వే స్టేషన్‌కి సరిగ్గా ఎదురుగా ఉంది. ఎనభై గదులు. వచ్చేవాళ్ళంతా ఒక్క రాత్రి తల దాచుకుని, తెల్లారి బండెక్కి పోయేవాళ్ళే. గదులు పాతబడ్డాయి, మార్చాలని ఓనరుగారు అనుకున్నాక ముగ్గురు డిజైనర్లు వచ్చి వెళ్ళారు. ఒకాయన సముద్రం అన్నాడు. గోడలకి నీలిరంగు, గవ్వల దీపాలు. సముద్రం ఎక్కడ, ఈ స్టేషనెక్కడ. ఇంకొకాయన రాజమహలు అని మంచానికి నాలుగు స్తంభాలు గీసి చూపించాడు. మూడో ఆయన ఏం చెప్పాడో ఎవరికీ అర్థం కాలేదు. ఈవిడ మాత్రం బొమ్మలేమీ పట్టుకురాలేదు. వారం రోజులపాటు ట్రాలీ వెనకాల నడిచింది. జనం ఖాళీ చేసిన గదిలోకి పెద్దక్కతో పాటే వచ్చి, దేన్నీ ముట్టుకోకుండా గుమ్మంలో నిలబడేది. వెళ్ళిపోయేవాళ్ళు గదిని ఎలా వదిలి వెళతారు అని అడిగింది.

ఇన్నేళ్ళలో పెద్దక్కని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అందుకని కడుపులో ఉన్నదంతా చెప్పేసింది. కుర్చీ ఎప్పుడూ కిటికీ దగ్గరికి లాగి ఉంటుందని చెప్పింది. పెట్టె పెట్టుకోవడానికి స్టాండు ఇచ్చినా అందరూ మంచం మీదే పెట్టి సర్దుకుంటారని, దుప్పటి మీద నలుచదరంగా గుంట మిగులుతుందని చెప్పింది. ఇద్దరు దిగిన గదిలో టీ కప్పులు రెండుంటాయి, ఒకటి ఖాళీది, ఒకటి నిండుగా చల్లారినది. "వెళ్ళేవాళ్ళు తాగుతారమ్మా. సాగనంపడానికి వచ్చినవాళ్ళకే గొంతు దిగదు," అంది. డిజైనరమ్మ ఆ మాట పుస్తకంలో రాసుకుని, కాసేపు పెన్ను మూత పెట్టడం మరిచిపోయింది.

ఆ పుస్తకంలోంచే పుట్టింది ఈ గది. పైన ఒక్కటే పేరు రాసింది: బయలుదేరే ముందు ఒక గంట. కిటికీ పొడవునా పొట్టి బల్ల. ఒక చివర పెట్టె తెరిచి సర్దుకోవచ్చు, రెండో చివర మనిషి కూర్చోవచ్చు, మధ్యలో రెండు కప్పులు పట్టే గూడు. తలుపు పక్కన చెయ్యి చాపితే అందే ఎత్తులో కొక్కెం, టికెట్టు మరిచిపోకుండా పెట్టుకోవడానికి దానికింద చిన్న చెక్క అర. మంచం చెక్క చట్రంలో ఒదిగిపోయి, పరుపు అంచు చట్రంతో సమానంగా ఉంది. చూస్తే నీళ్ళమీద తేలుతున్నట్టుంది. మొహం కడుక్కునే బేసిన్ నల్లరాయి, అద్దంలా మెరుస్తుంది. ఎనభై గదులూ కట్టేముందు ఇలా ఒక్క గది నమూనాగా కట్టి చూడటం వాళ్ళ పద్ధతి. తను నోటితో అన్న నాలుగు మాటలు చెక్కగా, రాయిగా, వెలుగుగా ఎలా మారాయో పెద్దక్కకి అంతు పట్టలేదు. బల్ల చివర అరచేత్తో నిమిరి, ఎవరైనా చూశారేమోనని చెయ్యి వెనక్కి తీసుకుంది.

అదే రోజు మధ్యాహ్నం మేనేజరు పిలిచి సంగతి చెప్పాడు. గది బాగుంటే సరిపోదు, పని జరగాలి. ఆ హోటల్లో గది శుభ్రం చేసి పక్క వెయ్యడానికి ఇరవయ్యెనిమిది నిమిషాలు. గురువారం పదింటికి ఓనరుగారు వస్తారు. ఆయన ముందు గడియారం పెట్టుకుని చూస్తారు. దాటిందా, ఈ చెక్కలూ గిక్కలూ వద్దు, పాత గదులకే రంగు వేయించి డిజైనరమ్మకి నమస్కారం పెట్టేస్తారు. అందరికంటే పాత చెయ్యి పెద్దక్కది కాబట్టి ఆవిడే చెయ్యాలి. "పరువు నీ చేతిలో ఉంది," అన్నాడు మేనేజరు. ఎవరి పరువో చెప్పలేదు.

*

మంగళవారం గదులన్నీ అయిపోయాక పెద్దక్క, చెల్లెలు కలిసి ఒకసారి చేసి చూసుకున్నారు. ఇద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే ట్రాలీ. పొద్దున ఇంటికి తాళం వేసి ఇద్దరూ కలిసే బయలుదేరతారు, ఒకరు చెప్పులు వేసుకునేదాకా రెండోవాళ్ళు మెట్టు దిగరు. చెల్లెలి కుడి మణికట్టుకి ఆర్నెల్ల నుంచి కట్టు ఉంది. బరువైన పరుపులు ఎత్తి ఎత్తి నరం పట్టేసింది. నొప్పి ఉన్నా నోరు మాత్రం ఊరుకోదు.

తెరలో బద్దలు నలభై రెండు. అన్నీ అడ్డంగా ఉన్నాయి. ప్రతిదాని నెత్తినా దుమ్ము, ముందు వైపు తుడిస్తే వెనక్కి పోతుంది, వెనక తుడిస్తే ముందుకొస్తుంది. "ఇది తెర కాదే, దుమ్ముకి కట్టిన మేడ," అంది చెల్లెలు. "నలభై రెండంతస్తులు. ఒక్కో అంతస్తుకి ఇద్దరేసి కాపురం."

తెర సంగతి అలా ఉంటే మంచం మరీ కష్టం. మామూలు మంచానికి పరుపు అంచు ఎత్తి దుప్పటి కిందికి దోపుతారు. ఇక్కడ పరుపు చట్రంలోకి దిగి కూర్చుంది. వేళ్ళు పోవడానికి సందు లేదు. బలవంతాన దోపితే చెక్కకి రాసుకుని కణుపులు గీరుకుపోతున్నాయి. నల్లరాయి మీద పడిన ప్రతి నీటిచుక్కా ఆరాక తెల్లగా మచ్చ కడుతోంది. అంతా అయ్యేసరికి నలభై ఆరు నిమిషాలు. అదీ ఇద్దరు చేస్తే. చెల్లెలు కట్టు ఊడదీసి మణికట్టు నొక్కుకుంటూ, ఆ అమ్మకి చెప్పెయ్యమంది. గది గుడిసైనా మహలైనా తుడిచేది మనమే, మంచి మనిషిలానే ఉంది, వింటుంది అంది.

చెబుదామనే అనుకుంది పెద్దక్క. బుధవారం రెండుసార్లు ఆ గది దాకా వెళ్ళింది. మొదటిసారి డిజైనరమ్మ ముసలి వడ్రంగితో కలిసి బద్దకీ బద్దకీ మధ్య వేలు పెట్టి చూస్తోంది. ఒకచోట బియ్యపు గింజంత తేడా ఉందట, మొత్తం వరస ఊడదీసి మళ్ళీ బిగించారు. వడ్రంగి విసుక్కోలేదు. ఆవిడ చెబుతుంటే ఆయన కళ్ళు కూడా మెరుస్తున్నాయి. రెండోసారి వెళ్ళేసరికి డిజైనరమ్మ బల్ల మీద ఒక్కతే కూర్చుని ఎదురుగా స్టేషన్లో కదిలిపోతున్న బండిని చూస్తోంది. పక్కన గూట్లో టీ చల్లారిపోయి ఉంది. పెద్దక్క గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇంత ముచ్చటగా కట్టుకున్నదాన్ని పగలగొట్టాల్సింది తన చేత్తోనా అనుకుని వెనక్కి తిరిగింది.

గురువారం పొద్దున చెల్లెలితో తలనొప్పిగా ఉంది, చల్లగాలికి మెల్లగా నడిచి వెళతాను అని అబద్ధం చెప్పి గంట ముందు బయలుదేరింది. నలభై రెండు బద్దలూ ముందూ వెనకా తుడిచింది. రాయికి పలచగా సబ్బు పట్టించి పొడిగుడ్డతో రుద్దింది, నీళ్ళు పడ్డా జారిపోయేలా. ఆపైన మంచం. పది వేళ్ళూ మండుతుంటే, నాలుగు మూలలూ బిగించి ఒక దుప్పటి పరిచింది. దానిమీద ఇంకొకటి, అంతే బిగువుగా. పైది లాగేస్తే కిందది అప్పుడే వేసినట్టు కనిపిస్తుంది. అక్కడితో ఆగితే సరిపోయేది. మళ్ళీ ఒకసారి చెయ్యమంటారేమోనని భయం పుట్టి, మూడోది కూడా వేసింది.

పదింటికి మేనేజరు పక్క నలిపాడు, బేసిన్లో నీళ్ళు చిమ్మాడు. గది ఇరుకు కాబట్టి ఓనరుగారు, మేనేజరు, డిజైనరమ్మ వరండాలో నిలబడ్డారు. బాత్రూము గోడ అడ్డం వచ్చి అక్కడినుంచి మంచం కనిపించదు. పెద్దక్క పై దుప్పటి లాగి, ట్రాలీలోంచి తెచ్చిన ఉతికిన దుప్పటిని విప్పకుండానే దానితోపాటు మాసిన గుడ్డల సంచీలో కుక్కింది. ఇస్త్రీ మడత కూడా విడని దుప్పటి. ఆ తర్వాత చేతులు వాటంతటవే పోయాయి, దిండ్ల గలీబులు, గుడ్డలు, నేల. తలుపు దగ్గరికి వచ్చి అయింది బాబూ అనేసరికి ఇరవయ్యారు నిమిషాలు.

ఓనరుగారు లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నారు, పడుకున్నారు, తెర వైపు చూసి తలూపారు. ఎనభై గదులకీ ఇదే అన్నారు. డిజైనరమ్మ వచ్చి పెద్దక్క రెండు చేతులూ పట్టుకుంది. "గది గీసింది నేను. గెలిపించింది ఈ చేతులు," అంది. పెద్దక్క చేతులు లాక్కోలేక, ఉంచలేక నేల చూపులు చూసింది. అంతలో మేనేజరు, కొత్త గది కూడా ఇరవయ్యారులో అయిందంటే ఇక అందరికీ ఇరవయ్యారే అని, అందుకోలేని వాళ్ళ సంగతి నెలాఖరుకి చూద్దామని ఓనరుగారితో చెప్పడం వినిపించింది.

ఓనరుగారు పడుకున్నారు కాబట్టి మధ్యాహ్నం ఆ పక్క మార్చమని చెల్లెల్ని పంపారు. పెద్దక్క నాలుగో అంతస్తులో ఉంది. తెలిసి పరిగెత్తి దిగేసరికి చెల్లెలు మంచం పక్కన నిలబడి ఉంది. చేతిలో ఒక దుప్పటి, మంచం మీద ముడత లేకుండా ఇంకొక దుప్పటి. ఆ ఇద్దరికీ వివరించి చెప్పుకోవాల్సిన పని కాదు అది.

"నా చేతికి కట్టు కట్టేది నువ్వే కదక్కా," అంది చెల్లెలు. గొంతు పెంచలేదు. "ఎవరి కోసం చేశావు?"

చెల్లెలు రెండో దుప్పటి కూడా తీసి, మడిచి, ట్రాలీలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో రెండు కంచాల చప్పుడే తప్ప మాట లేదు. శుక్రవారం పొద్దున పెద్దక్క జడ వేసుకుని ముందుగదిలోకి వచ్చేసరికి గుమ్మం దగ్గర ఒక జత చెప్పులే ఉన్నాయి.

తన చెప్పుల్లో కాళ్ళు పెట్టి చాలాసేపు అలాగే నిలబడిపోయింది. రోజూ ఎవరో ఒకరు గది ఖాళీ చేసి వెళ్ళిపోయాకే తను లోపలికి వెళుతుంది. ఖాళీ గది కొత్త కాదు. ఇల్లు అలా ఉంటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

*

మూడువందల ఏడులో డిజైనరమ్మ బల్ల మీద కాగితాలు పరుచుకుని ఎనభై గదుల కొలతలు రాసుకుంటోంది. పెద్దక్క తలుపు దగ్గర నిలబడే చెప్పేసింది. దుప్పట్లు మూడు, బద్దలు ముందే తుడిచింది, రాయికి సబ్బు. మంగళవారం ఇద్దరు చేస్తే నలభై ఆరు నిమిషాలు. చెల్లెలి మణికట్టు. అన్నీ ఒక గుక్కలో చెప్పి, ఇక తిట్టమ్మా అన్నట్టు నిలబడింది.

డిజైనరమ్మ తిట్టలేదు. కాగితాలు మడిచి పక్కన పెట్టింది. తర్వాత లేచి చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పక్క తనే నలిపేసింది. బేసిన్లో నీళ్ళు చిమ్మింది. టైము చూడండి పెద్దక్కా, మధ్యలో సాయం చెయ్యొద్దు అంది.

చేతులు కట్టుకుని నిలబడి ఇంకొకరు పక్క వేస్తుంటే చూడటం పెద్దక్కకి అదే మొదలు. కాళ్ళు నిలవలేదు. అలా కాదమ్మా అని రెండుసార్లు ముందుకి అడుగేసి ఆగింది. డిజైనరమ్మ ఒక్కో బద్దా తుడిచింది. పది అయ్యేసరికి చెయ్యి మార్చింది, ఇరవై అయ్యేసరికి స్టూలు దిగి నడుం పట్టుకుంది. మూడో మూల దోపుతున్నప్పుడు ఉస్సురని చెయ్యి వెనక్కి లాగింది. తెల్ల దుప్పటి మీద ఎర్రటి చుక్క పడింది. అది చూసి, ఆ దుప్పటి తీసి, ఇంకొకటి తెచ్చి మొదటి మూల నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. మొత్తం అరవై మూడు నిమిషాలు.

నేలమీద కూలబడి, చెంగుతో వేళ్ళు తుడుచుకుంటూ అంది: "ఈ గదిలోంచి వెళ్ళిపోయేవాళ్ళని వారం రోజులు చూశాను పెద్దక్కా. వాళ్ళు వెళ్ళాక లోపలికి వచ్చే మనిషి వెనకాలే నడిచి, ఆ మనిషిని చూడలేదు."

పెద్దక్క పొడిగుడ్డ చింపి ఆవిడ వేలికి చుట్టింది. ఓనరుగారికి చెప్పొద్దని, పాత గదులకే రంగులు వేయించి మిమ్మల్ని పంపించేస్తారని, ఇంత అందం మట్టిపాలవుతుందని బతిమాలింది. డిజైనరమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

డిజైనరమ్మ పిలిస్తే ఓనరుగారు, మేనేజరు పైకి వచ్చారు. నమూనా గది తప్పింది, ఇలా కట్టడానికి వీల్లేదు అని డిజైనరమ్మ చెబితే ముందు ఎవరికీ అర్థం కాలేదు. తను గీసినదాన్ని తనే తప్పు పట్టే డిజైనర్ని వాళ్ళు చూసి ఉండరు. నిన్న ఇరవయ్యారులో అయింది కదా, చెయ్యగలరని తేలింది, చెయ్యలేమనేది బద్ధకం అన్నాడు మేనేజరు. ఆ మాటకి డిజైనరమ్మ ఏదో చెప్పబోయింది. పెద్దక్కని ఇరికించకుండానే చెప్పాలని చూస్తోందని పెద్దక్కకి తెలిసిపోయింది. గోడ వదిలి ముందుకి వచ్చింది.

"నిన్న నేను మోసం చేశాను బాబూ," అంది. "మంచం మీద ముందే మూడు దుప్పట్లు వేసి ఉంచాను. పైది తీశాను, అంతే."

ఓనరుగారు ఆవిడ వైపు తేరిపార చూశారు. "రెండు సరిపోయేవి కదా. మూడెందుకు?" అన్నారు.

"మళ్ళీ చెయ్యమంటారేమోనని భయమేసింది బాబూ."

ఓనరుగారికి నవ్వొచ్చి దగ్గులా మింగేశారు. డిజైనరమ్మ చేతికి చుట్టిన గుడ్డ చూశారు. మంచం దగ్గరికి వెళ్ళి, దుప్పటి మూల ఊడలాగి, తనే దోపబోయారు. చెయ్యి లోపలికి పోయింది గానీ బయటికి రాలేదు. గడియారం పట్టీ చట్రానికి పట్టుకుంది. మేనేజరు పరుపు ఎత్తి పట్టుకుంటే తప్ప ఊడి రాలేదు. ఓనరుగారు మణికట్టు రుద్దుకుంటూ కిటికీ దాకా వెళ్ళి, ఎన్ని రోజులు కావాలని అడిగారు. పది అంది డిజైనరమ్మ. ఈసారి కొలిచేటప్పుడు అందరికంటే నెమ్మది చెయ్యి ఎవరిదో వాళ్ళతో చేయించండి, టైము దాన్నిబట్టి పెట్టండి అంది. మేనేజరు ఏదో అనబోయి, ఓనరుగారి మణికట్టు చూసి ఊరుకున్నాడు.

*

శనివారం వడ్రంగి బద్దలన్నీ ఊడదీసి నేలమీద పేర్చాడు. అడ్డంగా ఉన్నవాటిని నిలువుగా నిలబెడితే దుమ్ము నిలవడానికి చోటుండదు, ఒక్క గుడ్డతో పైనుంచి కిందికి లాగెయ్యొచ్చు. నల్లరాయి పోయి బూడిదరంగు రాయి వచ్చింది, నీటిమచ్చ కనిపించదు. సోమవారం పొద్దుటికి మంచం మీద ఆ బంగారు దుంగలు ఇక లేవు. వాటి చోట నిలువు గీతలు పడ్డాయి. డిజైనరమ్మ వాటివైపు చూస్తూ నిలబడింది. బాధగా ఉందా అమ్మా అని అడిగింది పెద్దక్క.

"ఉంది," అంది డిజైనరమ్మ. వేలు పెట్టి చూపిస్తూ, "చూడండి, ఇవి నడుస్తున్నాయి," అంది.

నిజమే. పొద్దెక్కుతున్న కొద్దీ నిలువు గీతలు ఒక్కొక్కటే మంచం దాటి గుమ్మం వైపు జరుగుతున్నాయి, పెట్టె పట్టుకుని మెల్లగా నడిచే మనిషిలాగా. పెద్దక్క ట్రాలీ పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఒక మనిషి తను ప్రేమించినదాన్ని చేజేతులా ఊడదీసి, మిగిలినదాంట్లో మళ్ళీ ఇంత అందం వెతుక్కోగలదా అనుకుంది.

వడ్రంగి మంచం చట్రం దగ్గర కూర్చుని, పరుపుకీ చెక్కకీ మధ్య ఎంత సందు వదలాలని అడిగాడు. రెండు వేళ్ళా, మూడు వేళ్ళా. డిజైనరమ్మ టేపు తీసింది, మళ్ళీ సంచీలో పెట్టేసింది. వరండాలోకి తొంగి చూసి చెల్లెల్ని పిలిచింది. నాలుగు రోజులుగా అక్కతో మాట్లాడని చెల్లెలు, మొహం గంటు పెట్టుకునే లోపలికి వచ్చింది. కుడి చెయ్యి ఇందులో పెట్టండి, కట్టు తియ్యొద్దు, కట్టుతోనే అంది డిజైనరమ్మ.

చెల్లెలు వంగి, చెయ్యి చట్రం అంచున ఆనించింది. కట్టు చుట్టిన లావు చెయ్యి. వడ్రంగి చెవిమీది పెన్సిలు తీసి, ఆ చేతి చుట్టూ మెల్లగా చెక్కమీద గీత గీశాడు. ఎనభై మంచాలకీ ఇదే కొలత అని డిజైనరమ్మ పుస్తకంలో రాసుకుంది.

పెద్దక్క కళ్ళు తుడుచుకోవడం చూసి చెల్లెలు తల తిప్పింది. "ఏంటక్కా అలా చూస్తావు? ట్రాలీ గుమ్మానికి అడ్డంగా వదిలేశావు, జరుపు," అంది. తర్వాత వడ్రంగి వైపు తిరిగి, చెయ్యి తీసెయ్యనా అని అడిగింది.

"ఉంచమ్మా," అన్నాడు ముసలాయన. "ఇంకా బొటనవేలు మిగిలింది."